తువ్వాలు వేసిన సీటు

బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు మనదైపోతుందని ఏ చట్టంలోనూ రాసి లేదు. రాసిపెట్టిన చట్టాలన్నిటినీ తుంగలో తొక్కే జనం కూడా ఈ రాయని చట్టాన్ని మాత్రం కాదనరు. ఎవరైనా తువ్వాలు తీసి పక్కన పెట్టి కూర్చుంటే, పోట్లాడటానికి తువ్వాలు వేసినవాడే రానక్కర్లేదు, దారినపోయే వాడు కూడా వస్తాడు. వేగావలసలో పుట్టి పెరిగిన దమయంతికి ఈ సంగతి బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆ పొరపాటు చేసింది. వేరే దేశపు మనిషైతే చేసి ఉండేది కాదు.

దమయంతి ఆ ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. పాఠాలు అయ్యాక వెనక షెడ్డులో కూర్చుని బస్సు సీట్లు కోసేది, కుట్టేది. ఆమె తయారు చేసిన వస్తువు చూడ్డానికి గోనెపట్టా ముక్కలా ఉండేది. సీటు కవరు కింద దాన్ని పరిస్తే, కూర్చున్న మనిషి బరువు ఎటు ఒరుగుతోందో పసిగట్టేది. దిగాల్సిన చోటు దగ్గరపడుతుంటే మనసుకన్నా ముందు ఒళ్ళు కదులుతుందని, దిగడానికి వీల్లేని చోటైనా సరే, వెళ్ళాలని ఉంటే అటే ఒరుగుతుందని ఆమె నమ్మకం. ఆ ఒరుగుడుకు మొగ్గు అని పేరు పెట్టింది. బస్సులోని మొగ్గులన్నీ పోగేసి, వారం వారం దారిని మార్చి గీసే యంత్రం డ్రైవరు పక్కన ఉండేది. జనం దాన్ని దారిపెట్టె అన్నారు.

ఊరి జనాన్ని కూడా ఎక్కించుకునే కాలేజీ పాత బస్సులో మొదటిసారి పెట్టినప్పుడు అందరూ నవ్వారు. పెద్దాసుపత్రి వెనక గోడ దగ్గరికి రాగానే బస్సు సగం అటే మొగ్గిందని, అక్కడ స్టాపు పెట్టాలని పెట్టె చెప్పింది. గోడ దగ్గర ఏముందయ్యా అని వెళ్ళి చూస్తే గోడకు మనిషి పట్టే కంత ఉంది. రోగుల తాలూకు వాళ్ళంతా ఎన్నాళ్ళుగానో క్యారేజీలు పట్టుకుని అందులోంచే దూరుతున్నారు. స్టాపు పెట్టారు, కంతను గేటు చేశారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మునిసిపాలిటీ ఊరి బస్సులకు టెండరు పిలిచినప్పుడు ఈ పెట్టెనే నమ్ముకుంది. దారి గీసే పని పెట్టెది, డ్రైవరు ఆపినా కదిపినా దాని ఒప్పుదల ఉండాలి, బస్సు నడిపే పని కాంట్రాక్టరుది, సీట్లు నిండుతున్నంత కాలం కాంట్రాక్టు అతనిదే. ఇదీ షరతు. పెళ్ళిళ్ళకు బస్సులు తిప్పుకునే గున్నేశ్వరరావు టెండరు దక్కించుకున్నాడు. కొబ్బరికాయ కొడుతూ దమయంతితో తన మనసులో మాట చెప్పేశాడు. "దారెటెల్తే నాకేటి మేడమ్. సీటు కాళీ కనబడకూడదు, అంతే."

మొదటి వారంలోనే తగాదా వచ్చింది. రైల్వే స్టేషను దగ్గర పెళ్ళివారు పది పన్నెండు సీట్లకు తువ్వాళ్ళు వేసి టీకి వెళ్ళారు. సీట్ల కింది పట్టాలకు మనుషుల బరువు తగల్లేదు. ఎవరూ లేరనుకుని పెట్టె బస్సును కదిలించమంది. డ్రైవరు దాలినాయుడు కదిలించాడు. పెళ్ళివారు టీగ్లాసులతో వెంటపడి బస్సును పట్టుకుని అతని చొక్కా చింపారు. ఆ సాయంత్రం దమయంతి పెట్టెకు ఒక కొత్త సూత్రం నేర్పింది. గుడ్డ బరువున్న సీటుకు మనిషి ఉన్నాడు. కనబడకపోతే దారిలో ఎక్కడో ఉన్నాడు. పక్కసీటు మనిషి మొగ్గును బట్టి, పాత జ్ఞాపకాలను బట్టి అతనెక్కడున్నాడో ఊహించు, అక్కడికి వెళ్ళు. కౌన్సిలు మీటింగులో ఈ మాట చెప్పి, యంత్రానికి మన ఊరి మర్యాద కూడా నేర్పానంది. చప్పట్లు కొట్టారు. ఆమె కూడా పొంగిపోయింది.

ఇంట్లో మాత్రం పొంగడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఇంట్లో దమయంతి, తల్లి సూరీడమ్మ, ఇద్దరే ఉండేవారు. తమ్ముడు పోలినాయుడు కనబడకుండా పోయి నాలుగేళ్ళయింది. బస్సెక్కి విజయనగరం వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరిన కుర్రాడు తిరిగి రాలేదు. అతని మోటారుబండి కూడా లేదు. బండి బస్టాండులో పెట్టి ఉంటాడని బస్టాండులన్నీ వెతికారు, రైల్వే స్టేషన్లు వెతికారు, తిరుపతిలో కనబడ్డాడని ఎవరో అంటే అక్కడికీ వెళ్ళారు. ఊరు మెల్లగా మరిచిపోయింది. సూరీడమ్మ మరిచిపోలేదు. రైతుబజారులో కూరగాయలు అమ్ముకునే ఆ మనిషి రోజూ పొద్దున్నే గంపతో బస్సెక్కేది. కొడుకున్న రోజుల్లో కాలేజీ పాత బస్సులో ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. కిటికీ పక్కన అతను, ఇవతల ఆమె, కాళ్ళ దగ్గర గంపలు.

వరండాలో ఒక జోడు సీటు ఉండేది, తుక్కు బస్సులోంచి తెచ్చింది. దమయంతి మొట్టమొదటి పట్టా కుట్టింది దానికే. పక్కన గోడకు గడియారమంత పలక, దానికో సూది. మొగ్గు ఎటుంటే సూది అటు తిరిగేది. మొదట్లో పోలినాయుడే దాని మీద కూర్చునేవాడు. సీటును ఎటు తిప్పి పెట్టినా సూది పడమటికే పోయేది. పడమట ఏ పిల్లుందిరా అని అక్క ఏడిపించేది. అతను నవ్వేవాడు, చెప్పేవాడు కాదు. అతను పోయాక తల్లిని కూర్చోబెట్టింది. సూది వీధి గుమ్మం వైపు, బస్సొచ్చే వైపు నిలబడిపోయింది. దమయంతి వంటింట్లో ఉన్నా, ఎదురుగా నిలబడి ఉన్నా, ఎప్పుడూ ఆమె వైపు ఒక్క పిసరు కూడా కదల్లేదు. అది యంత్రం తప్పు కాదని ఆమెకు తెలుసు. ఆ తర్వాత తల్లిని ఆ సీటు మీద కూర్చోమనడం మానేసింది.

కొత్త బస్సులు తిరగడం మొదలై కొన్ని వారాలయ్యాక మూడో నంబరు బస్సు దారి తప్పడం మొదలైంది. రైతుబజారు నుంచి కలెక్టరాఫీసుకు పోవాల్సిన బస్సు, వారానికి ఒక వీధి చొప్పున పడమటికి జరుగుతోంది. ఒక వారం రైసుమిల్లు వెనకనుంచి పోయింది. పై వారం మిల్లు దాటి ఇటుకబట్టీల దాకా పోయి తిరిగొచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని జనం దానికి ఉలిపికట్టె బస్సని పేరు పెట్టారు. పట్టాలేమైనా చెడ్డాయేమో చూద్దామని దమయంతి ఒకరోజు కాలేజీకి సెలవు పెట్టి ఆ బస్సెక్కింది.

రెండో వరసలో తల్లి కూర్చుని ఉంది. గంప కాళ్ళ దగ్గర ఉంది, కూరగాయలు వాడిపోయి ఉన్నాయి. కిటికీ పక్క సీటులో నీలం గళ్ళ తువ్వాలు పరిచి ఉంది. ఈవిడ దిగదు మేడమ్ అని దాలినాయుడు అద్దంలోంచి చూస్తూ చెప్పాడు. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుందట. అందరికీ తెలిసిన సంగతే, మీకు తెలుసనుకున్నాం అన్నాడు.

తువ్వాలు ఎవరిదో అడగక్కర్లేదు. అయినా దమయంతి అడిగింది.

"తమ్ముడిది," అంది సూరీడమ్మ. "బస్సెక్కి ఎల్తానన్నాడు గదా. బస్సులోనే ఒస్తాడు. ఒచ్చీసరికి సీటుండాల. ఆడికి కిటికీ పక్కన నేకపోతే తల తిప్పుద్ది."

పాత కాలేజీ బస్సు నేర్చుకున్నదంతా కొత్త పెట్టెలోకి ఎక్కించింది దమయంతే. ఈ ముసలామె పక్కన కూర్చునేదెవరో పెట్టెకు తెలుసు. అతని బరువు తెలుసు, అతని మొగ్గు తెలుసు. తువ్వాలుంది కాబట్టి అతను దారిలో ఎక్కడో ఉన్నాడు. పెట్టె మర్యాదగా అతన్ని వెతుక్కుంటూ పోతోంది. ఆ క్షణాన ఆ సూత్రం తుడిచేసి ఉంటే కథ అక్కడితో సరి. ఆమె తుడవలేదు. ఇంకో వారం చూద్దాం, శాస్త్రం కోసం అని తనకు తాను సర్దిచెప్పుకుంది. అబద్ధం. ఆమెకూ తమ్ముడు కావాలి.

మరి రెండు వారాలకు, ఎండ మాడుతున్న వేళ, తల్లితో పాటు దమయంతి కూడా ఎక్కిన మూడో నంబరు బస్సు తారురోడ్డు వదిలి రాళ్ళగుట్టల మధ్యకు దిగింది. ఒకప్పుడు లారీలు తిరిగిన బాట అది. ఎప్పుడో మూసేసిన నల్లరాయి క్వారీ దగ్గర, నీళ్ళ గట్టు మీద ఆగింది. ఆ నీళ్ళలో వెనకటికి ఎవరో పిల్లాడు మునిగిపోయాడని ఊళ్ళో తల్లులంతా పిల్లల్ని అటు పోనిచ్చేవారు కాదు. సూరీడమ్మ అయితే పోలినాయుడి చేత ఒట్టు కూడా వేయించుకుంది. దమయంతికి అప్పుడు అర్థమైంది, పడమట ఉన్నది పిల్ల కాదు, ఈత.

తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. మామూలుగా అయితే పెట్టెను బూతులు తిట్టే జనం నోరెత్తలేదు. చంటిపిల్ల ఒకతె ఏడుపు ఆపి తలుపు వైపు చూస్తోంది. పెట్టె బస్సును కదలనివ్వలేదు. తువ్వాలు వేసిన మనిషి రావాలి, వచ్చేదాకా ఆగాలి, అలా నేర్పింది దమయంతే. ఆమె చేతిలోని చిన్న తెరమీద బస్సు సీట్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి. కిటికీ పక్క సీటు మొదట ఖాళీగా ఉంది. తర్వాత బరువు పడింది. మెల్లగా పడింది, అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు. మొగ్గు నీళ్ళ వైపు లేదు. ఊరి వైపు ఉంది, ఇంటి వైపు.

సూరీడమ్మ చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని గంపను ఇవతలికి జరిపింది. "కూకో నాయినా," అంది, నిన్న సాయంత్రం చూసిన మనిషితో అన్నట్టు. తలుపు మూసుకుంది. బస్సు ఊరికి తిరిగొచ్చింది. అందరూ దిగాక దమయంతి ఆ సీటు కవరు ఎత్తి చూసింది. పట్టా తడిసి ఉంది. తడి తగిలితే పట్టా తప్పు చెబుతుందని కాలేజీలో తానే పాఠం చెప్పింది. ఆ పాఠాన్ని ఆ పూట గట్టిగా పట్టుకుని ఇంటికి పోయింది.

పట్టుకుని ఎంతసేపుంటుంది. మర్నాడు పోలీసులకు చెప్పింది. ఎలా తెలిసిందని వాళ్ళు అడిగితే బస్సు చెప్పిందనలేక ఎవరో అన్నారంది. మోటార్లు పెట్టి నీళ్ళు తోడారు. ముందు బండి దొరికింది. తర్వాత మిగిలింది కూడా దొరికింది. గట్టుమీద నుంచి జారి బండితో సహా పడ్డాడని తేల్చారు. దమయంతి ఒళ్ళు తెలియకుండా ఏడ్చింది. సూరీడమ్మ మాత్రం వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తూ తిరిగింది. కర్మకాండలు జరిగాయి. ఆ తర్వాత ఆమె బస్సెక్కడం మానేసింది. హమ్మయ్య, మనసు కుదుటపడిందనుకుంది దమయంతి. నాలుగేళ్ళ తర్వాత తల్లి ఇంటిపట్టున ఉంది. పొద్దున్నే దోసెలు వేసింది, కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. ఇకనైనా అమ్మ తనకు దక్కుతుందని ఆశపడింది.

అయితే సూరీడమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని వరండాలో జోడు సీటు పక్కనే కూర్చునేది. సీటు మీద కూర్చునేది కాదు. నీలం గళ్ళ తువ్వాలు దాని మీద పరిచింది. గోడమీది పలకకు ఒక స్టీలు పళ్ళెం అడ్డం పెట్టింది. ఎందుకమ్మా అంటే దుమ్ము పడుతోందంది. దమయంతి ఒకసారి తువ్వాలు తీసి ఎండలో వేసింది, తడిగా ఉందని. మర్నాడు మళ్ళీ తడిగా ఉంది. వాన లేదు, కుండ ఏదీ కారడం లేదు. ఆమె మళ్ళీ ఎండలో వేసింది. దాని గురించి ఆలోచించకుండా ఉండటం నేర్చుకుంది.

ఈ లోపల ఊరికి సంగతి తెలిసిపోయింది. సూరీడమ్మ కొడుకును బస్సే వెతికి తెచ్చిందట అన్న మాట సంతలోకి, సంతలోంచి పల్లెల్లోకి పోయింది. ఇక చూడాలి. భార్య పోయినవాడు ఆమె చీరముక్క, తండ్రి పోయినవాళ్ళు ఆయన కండువా, ఏ గుడ్డా మిగలనివాళ్ళు కొత్త తువ్వాలు తెచ్చి సీట్లకు వేయడం మొదలెట్టారు. మొదట పక్కన ఒక్కసారి కూర్చుని మొగ్గు చూపించి, తర్వాత గుడ్డ వదిలి దిగిపోయేవారు. పెట్టెకు అంతే చాలు. ఒక బస్సు శ్మశానం గేటుకు, ఇంకొకటి రైలుపట్టాల వంపుకు, మరొకటి కూల్చేసిన పాత ఆసుపత్రి స్థలానికి పోయి తలుపు తెరుచుకుని నిలబడేవి. గున్నేశ్వరరావుకు పండగే పండగ. షరతు ప్రకారం సీట్లు నిండి ఉన్నాయి. అతను తన పేరు అచ్చేయించిన తువ్వాళ్ళు ఊరంతా ఉచితంగా పంచాడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు.

బతికున్నవాళ్ళు రోడ్డుమీద నిలబడ్డారు. బస్సుల మీద బస్సులు పోతున్నాయి. సీట్ల నిండా తువ్వాళ్ళున్నాయి, ఒక్క తలకాయ లేదు. ఎక్కి నిలబడదామన్నా పెట్టె వాళ్ళ కోసం ఆపదు, బస్సు నిండిందంటుంది. తువ్వాలు తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. బతికున్నవాడి సీటే లాక్కోని జనం, చచ్చినవాడి సీటు లాక్కుంటారా.

ఒకరోజు మధ్యాహ్నం దాలినాయుడు దమయంతి ఇంటికి వచ్చాడు. వరండా ఎక్కలేదు, మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఇటుకబట్టీల దగ్గర నొప్పులు పడుతున్న ఆడమనిషిని పట్టుకుని ఇద్దరు చెయ్యెత్తారట. తన ముందు రెండు బస్సులు ఆగకుండా పోయాయట. తనదీ ఆగలేదట. బ్రేకు తొక్కితే పెట్టె ఒప్పుకోలేదట. సాయంత్రం తిరిగొస్తుంటే అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

"బస్సు నిండా జనం ఉన్నారని ఆపనేదు మేడమ్," అన్నాడు. "ఎనక్కి తిరిగి సూసినాను. ఎవులూ నేరు."

అతను వెళ్ళిపోయాక దమయంతి మెట్ల మీదే కూర్చుండిపోయింది. తన తమ్ముడు దొరికాడు, ఇంకెవరి బిడ్డో పోయింది. ఈ లెక్కలో తను ఏ వైపున ఉందో ఆమెకు బాగానే తెలుసు. మర్నాడు కమిషనరు దగ్గరికి తనే వెళ్ళి, పెట్టెలు పీకేయమంది. గున్నేశ్వరరావు షరతులు చూపించి గగ్గోలు పెట్టాడు గాని, రోడ్డుమీద బిడ్డ పోయిన సంగతి ఊరంతా పొక్కింది కాబట్టి అతని పప్పులు ఉడకలేదు. కాంట్రాక్టు రద్దయింది. వారం చివర ఉదయపు ట్రిప్పు ఆఖరిది. అది కాగానే బస్సులు షెడ్డుకు పోతాయి, సీట్లు కోసేస్తారు, పట్టాలు కాల్చేస్తారు. పాత దారుల్లో కొత్త టెండరు.

ఆఖరి రోజు దమయంతి షెడ్డుకు బయల్దేరుతుంటే, వాళ్ళ సందులో బస్సు చప్పుడైంది. ఆ సందులోకి బస్సు ఎన్నడూ రాలేదు. రెండు వైపులా చూరులు రాసుకుంటూ మూడో నంబరు వచ్చి వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. దాలినాయుడు రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసి కూర్చుని ఉన్నాడు.

"పెట్టె ఇటు తెచ్చింది మేడమ్. ఇక్కడ మనిసి ఉన్నాడంతంది," అన్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. పొద్దుటినుంచీ బస్సులో గుడ్డ వేసిన ప్రతి సీటూ ఊరి బయటికే మొగ్గుతోందట. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతామంటున్నారట.

దమయంతి ముందు నమ్మలేదు. తర్వాత గుర్తొచ్చింది. వరండాలోని మొదటి పట్టాకూ, దారిపెట్టెలన్నిటినీ కలిపే కాలేజీ పెద్ద యంత్రానికీ కట్టిన తీగ కట్టినట్టే ఉంది. దాన్ని తీసేయాలని ఎప్పుడూ తోచలేదు. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి స్టీలు పళ్ళెం మీద చెయ్యి వేసింది.

"తియ్యకే," అంది సూరీడమ్మ పీట మీంచి.

దమయంతి తీసింది. సూది పడమటికి తిరిగి, ఇంక తిరగడానికి చోటు లేక, చివరి మేకును ఒత్తుకుని వణుకుతోంది. సీటు మీద తువ్వాలు, ఎవరో కూర్చున్నట్టు మధ్యలో లొత్త పడి ఉంది.

సూరీడమ్మ కూతురి మొహం చూడలేదు. పైటచెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. కొడుకు వచ్చిన మూడో నాటినుంచీ సూది అటే చూస్తోందట. ఇంట్లో అన్నం వాసనకీ కదల్లేదట, పేరు పెట్టి పిలిచినా కదల్లేదట. అది చూడలేకే పళ్ళెం అడ్డం పెట్టింది.

"ఆడికిక్కడ ఉండాలని నేదు. నాకు తెలుసు," అంది. "నానే ఒగ్గనేదు. నాలుగేళ్ళకొచ్చినోడిని ఎలాగొగ్గీమంతావు?"

దమయంతి ఆమె ముందు నేలమీద కూర్చుంది. కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నేనున్నాను కదమ్మా అనాలనుకుంది. నాలుగేళ్ళుగా అనాలనుకుంటున్న మాట అది. కాని అది ఇప్పుడు అనదగ్గది కాదు. తల్లి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఉన్న సంగతే చెప్పింది.

"రేపటినుంచి ఈ బస్సు రాదమ్మా. సీట్లు కోసేస్తారు. ఇవాళ ఎక్కకపోతే తమ్ముడికి ఇంక బస్సు లేదు."

బస్సు ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. దాలినాయుడు హారను కొట్టలేదు. సూరీడమ్మ చాలాసేపు సీటు వైపు చూసింది. లేచి, తువ్వాలు మీద చెయ్యి వేసి, ఒకసారి అటూ ఇటూ నిమిరింది, జ్వరం చూసినట్టు. తర్వాత దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి కూతురి చేతిలో పెట్టింది. దానిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వెయ్యి. నా సెయ్యి రాదు."

దమయంతి సందులోకి దిగింది. బస్సంతా తువ్వాళ్ళే, కండువాలు, చీరముక్కలు, ఒక చిన్నపిల్ల గౌను. రెండో వరస కిటికీ సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఇన్ని వారాల్లో దాని మీద ఎవరూ గుడ్డ వేయలేదు. అదెవరిదో ఊరందరికీ తెలుసు, పెట్టెకూ తెలుసు. ఆమె మునివేళ్ళ మీద లేచి, కిటికీలోంచి తువ్వాలు లోపలికి విసిరింది. చిన్నప్పుడు సంతకు పోయేటప్పుడు తమ్ముడి కోసం అలాగే విసిరేది. అది సరిగ్గా సీటు మధ్యలో పడింది. అటువైపు వరండాలో, సన్నగా సీటు స్ప్రింగు కిర్రుమంది. ఏదో చల్లగా ఆమె మోచేతిని రాసుకుంటూ పోయింది, ఇరుకు సందులో మనిషి పక్కనుంచి తప్పుకుంటూ పోయినట్టు. ఆమె గోడకు ఆనుకుని దారి ఇచ్చింది.

కిటికీ సీటు కొద్దిగా దిగింది. తలుపు మూసుకుంది. దాలినాయుడు తల వంచి ఒకసారి దండం పెట్టి బస్సును సందులోంచి వెనక్కి తీశాడు. పడమటి రోడ్డెక్కేదాకా ఆ చప్పుడు వినపడింది. దమయంతి కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది.

సూరీడమ్మ బయటికి రాలేదు. గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"సీటు దొరికిందా?"

"దొరికిందమ్మా."

"కిటికీ పక్కనేనా?"

"కిటికీ పక్కనే."

సూరీడమ్మ తల ఊపింది. చుట్టూ చూసి, ఇన్నాళ్ళూ తాను కూర్చోకుండా ఉన్న ఆ జోడు సీటు మీద, తడి ఇంకా ఆరని చోటనే, కూర్చుంది. గోడమీది సూది ఉలిక్కిపడి లేచింది. అలవాటు చొప్పున వీధి గుమ్మం వైపు తిరిగింది. అక్కడే చాలాసేపు ఉంది. దమయంతి దాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది. సూది గుమ్మాన్ని వదిలింది. మెల్లగా, తడబడుతూ, పలక మీద వెనక్కి వచ్చి, ఆమె నిలబడ్డ వైపు ఆగింది.

షెడ్డుకు వెళ్ళాల్సిన వేళ దాటిపోతోంది. దమయంతి కదలలేదు.